కోత గది బయట

లోపలికి వెళ్ళేటప్పుడు పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. అదే ఆమెకు నచ్చలేదు. బడికి వెళ్ళిన మొదటిరోజు నుంచీ ఏ గుమ్మం దాటినా ఒక్కసారి వెనక్కి చూసిగానీ లోపలికి పోని పిల్ల, ఈరోజు తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ, తోటివాళ్ళతో ఏదో నవ్వుతూ ఆ ఆకుపచ్చ తలుపుల మధ్య నుంచి జారిపోయింది. చూడలేదంటే ధైర్యంగా ఉందనా, చూస్తే తల్లికి తన మొహంలో ఏదో కనబడిపోతుందనా. తలుపులు మూసుకున్నాక కూడా ఆమె వాటినే చూస్తూ, చేతిరుమాలు పరుచుకుని మెట్ల మీద కూర్చుంది, పక్కన అన్నం డబ్బా పెట్టుకుని. గంటసేపు పడుతుందన్నాడు తలుపు దగ్గరి అటెండరు. గంటంటే తక్కువా. గంట కూడా అక్కర్లేదు, బూటు లేసు కట్టుకోవడానికి వంగిన మొగుడు ఆ వంగడం వంగడమే ముందుకు ఒరిగిపోవడానికి రెప్పపాటు చాలింది. తను వంటింట్లోంచి, ఏంటి ఇంకా బయల్దేరలేదు అని అడుగుతూనే ఉంది, జవాబు రాకపోతే విసుక్కుంది కూడా. ఆయన ఒంటిని ఆయన ముందే రాసిచ్చిన ప్రకారం ఈ మెడికల్ కాలేజీ బండి వచ్చి పట్టుకుపోయింది. రెండేళ్ళ తర్వాత కూతురికి సీటు వచ్చింది ఇదే కాలేజీలో. ఈరోజు ఆ కూతురు మొట్టమొదటిసారి చేత కత్తి పట్టుకుని లోపలికి వెళ్ళింది. లోపల బల్లల మీద పడుకోబెట్టినవాళ్ళలో ఒకరు ఆయనే అయితే.

అలా కాదులే, అలా ఎందుకవుతుంది, అలాంటివన్నీ వాళ్ళు చూసుకుంటారు అని పిల్ల ఫోన్లో తేలిగ్గా అనేసింది. వాళ్ళంటే ఎవరు. ఆమె జీవితంలో చూసుకుంటామన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, చూసుకున్నవాళ్ళే తక్కువ. ప్రసూతి ఆసుపత్రిలో చూసుకుంటామన్నారు. కరెంటు ఆఫీసులో చూసుకుంటామన్నారు. దేవుడి తరఫున మాట్లాడే పెద్దమనుషులు సరేసరి, వాళ్ళు ఈ లోకంతో ఆగకుండా ఆ పై లోకం సంగతి కూడా చూసుకుంటామన్నారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాలకు వెళ్ళి తక్కెడలు, రాళ్ళు తనిఖీ చేయడం పని. అడుగున మైనం అంటించిన పళ్ళేలు, లోపల తొలిచేసిన రాళ్ళు, బొటనవేలితో ముల్లును నొక్కిపెట్టే చేతులు, ఇవన్నీ చూసీ చూసీ నమ్మడం అనేదే ఆయన ఒంట్లోంచి పోయింది. పక్కింటి పంతులమ్మ ఒకసారి ఆత్మ గురించి ఏదో చెబుతుంటే, "ఆత్మకు బరువుంటే నా దగ్గరకు తీసుకురండమ్మా, ముద్ర వేసి పంపిస్తాను. బరువు లేకపోతే అది మా శాఖ కిందికి రాదు" అన్నాడు. ఆవిడ నాలుగు నెలలు మాట్లాడలేదు. కూతురిని గురివింద అని పిలిచేవాడు, బంగారం తూచే గింజ కాబట్టి. అంత జాగ్రత్తగా తూచేవాడు తనను తాను మాత్రం తూచకుండా అలా ఇచ్చేశాడేమిటి, ఊరికే, ఎవరో ఏమిటో తెలియనివాళ్ళకు. ఎవరికి చెప్పి ఇచ్చాడు. చెప్పాడు, చెప్పలేదనడానికి లేదు. ఒక ఆదివారం బట్టలు ఇస్త్రీ చేస్తుంటే చెప్పాడు. తను సరేనంది. అప్పుడు చావు ఎక్కడో ఉంది కాబట్టి సరేనంది.

గాలి ఇటు తిరిగినప్పుడల్లా తలుపు సందుల్లోంచి వాసన వస్తోంది. కళ్ళు మండే వాసన, కుళ్ళు వాసన కాదు, కుళ్ళనివ్వని వాసన. కుళ్ళు వాసనే నయమేమో, అది కనీసం అబద్ధం చెప్పదు. అటెండరు స్టూలు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. ఈ మనిషిని చూస్తే ఆమెకు మొదటినుంచీ అనుమానమే. వచ్చిన ప్రతిసారీ మర్యాదగా తల ఊపుతాడు, ఎవరు మీరు అని ఎప్పుడూ అడగడు. అడగనివాళ్ళకు తెలిసే ఉంటుంది. ఒకవేళ ఆరోజు బండిలో వచ్చిన ఇద్దరిలో ఇతనొకడా. వాళ్ళ మొహాలు తను చూడలేదు, వాళ్ళ చెప్పులే గుర్తున్నాయి, గుమ్మం బయట వరసగా విడిచిన చెప్పులు. అంత హడావుడిలో చెప్పులు విప్పి లోపలికి వచ్చారని తర్వాత్తర్వాత తలుచుకుని ఏడ్చింది. ఇతని కాళ్ళకిప్పుడు రబ్బరు బూట్లున్నాయి, ఏమీ తెలియదు.

"మీరు ఎంతకాలంగా చేస్తున్నారిక్కడ?" అంది ఆమె, మాట కలపాలని కాదు, ఎటు నుంచి వస్తాడో చూద్దామని.

"నా పెళ్ళి కాకముందు నుంచీనమ్మా. ఇక్కడ పని అని తెలిశాక ముగ్గురు సంబంధం మానుకున్నారు. నాలుగో ఆవిడకు ముక్కు సరిగా పనిచేయదు, అలా కుదిరింది" అన్నాడు, నవ్వకుండా.

"లోపలివాళ్ళు... ఎవరెవరో మీకు తెలుస్తుందా?"

"బండిలోంచి నేను దించుకున్న ప్రతి మనిషీ తెలుసు. పేర్లు చెప్పకూడదు గానీ, మర్చిపోవడం నా వల్ల కాదు" అన్నాడు, మళ్ళీ గోళ్ళ వైపు చూస్తూ.

ఆమె చప్పున నోరు మూసుకుంది. ఇంకో మాట అంటే ఇంకో మాట వస్తుంది. అడిగితే చెప్పేసేలా ఉన్నాడు, అదే భయం. చెప్పకూడదంటున్నాడు గానీ, భార్యనని చెబితే ఏ మనిషి చెప్పడు. అడగాలా. అడిగి, ఆయనే అంటే ఏం చేస్తుంది. ఆ తలుపులు బాదుతుందా. బాది, పిల్లలందరి ముందూ, నా మొగుడమ్మా అది, నా కూతురు చేతిలో కత్తి తీసేయండి అంటుందా. ఏమీ లేదు, ఒళ్ళంటే అంతే, ఎముకలు మాంసం అని ఇంటికొచ్చిన బంధువులందరికీ రెండేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి.

ఆ తెల్లకోటు తనే కుట్టింది. దుకాణంలో దొరికే కోట్లు చంకల దగ్గర బిగుస్తాయని, చెయ్యి ఎత్తితే భుజం పట్టేస్తుందని, మంచి మందపాటి గుడ్డ కొని కూర్చుంది. ఎన్ని వేల బట్టలు కత్తిరించింది ఈ చేతులతో, ఇంటిముందు గదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ, అయినా కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టేముందు ఇప్పటికీ ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఏమీ చేయలేం. కోటు కత్తిరించేటప్పుడు మొదటిసారి ఆమె చెయ్యి అసలు కదల్లేదు. ఇది తొడుక్కుని పిల్ల ఏం కత్తిరిస్తుందో అన్న ఆలోచన అప్పుడే ఎక్కడో మొదలైందేమో. ఒక పాత చొక్కాను కుట్లన్నీ విప్పి పరిస్తే ఏముంటుంది, రెండు చేతులు, ముందు ముక్కలు రెండు, వీపు, కాలరు. అన్నీ అక్కడే ఉంటాయి, చొక్కా ఉండదు. మరి చొక్కా ఎక్కడికి పోయినట్టు. ఎక్కడికీ పోలేదు, అది గుడ్డ ఉన్న తీరు, అంతే, అనేవాడాయన. మనిషి కూడా అంతే, ఉన్నంతసేపు ఒక తీరు. అన్నప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు ఆ తీరు లేని ఇంట్లో రాత్రి తలుపు గడియ పెట్టిందీ లేనిదీ మూడుసార్లు లేచి చూసుకుంటోంది, ఆ మూడోసారి ఎప్పుడూ ఆయన చూసేవాడు కాబట్టి. పోయినవాళ్ళ పనులు ఎవరికి పోతాయో సైన్సు చెప్పదు, మతం చెబుతుంది గానీ తప్పు చెబుతుంది.

మతాన్ని ఆమె ఆయన చెబితే వదల్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, మొగుడు చెడగొట్టాడనుకుంటారు. గురివింద కంటే ముందు ఒక బాబు. వాడికి తొమ్మిదో నెలలో జ్వరం వచ్చింది. అప్పుడు ఆమె మొక్కని మొక్కు లేదు, పట్టుకోని కాలు లేదు, ఒక దేవుడి దగ్గర మొక్కింది ఇంకో దేవుడికి తెలియకుండా దాచింది కూడా, కోపం వస్తుందేమోనని. జ్వరం పంపేవాడూ ఆ దేవుడే, తగ్గించేవాడూ ఆ దేవుడే అని ఒక పెద్దమనిషి ఓదార్పుగా అన్నాడు. ఆ మాట దగ్గర ఆమె బుర్రలో ఏదో టక్కున ఆగింది. పైకప్పుకు చిల్లు పెట్టేవాడు, చిల్లు పూడ్చేవాడు ఒక్కడే అయితే అలాంటి పనివాణ్ణి ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా. బాబు పోయాక అందరూ దేవుడి మీద అలిగిందన్నారు. అలగలేదు, అనుమానం వచ్చింది. అలక తీరుతుంది, అనుమానం తీరదు. అలాగని తెల్లకోట్లను నమ్మిందా అంటే అదీ లేదు. వాళ్ళకూ ప్రత్యేకమైన బట్టలున్నాయి, అర్థంకాని భాష ఉంది, లోపలి గది ఉంది, ప్రశ్న అడిగితే మొహం చిట్లించడం ఉంది. ఎవరి గుడి వాళ్ళది అనుకుంది. ఒక్క కుర్ర డాక్టరు మాత్రం, బాబు పోయిన సాయంత్రం, బయట బెంచీ మీద ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎందుకు పోయాడు బాబూ అంటే, "తెలియదమ్మా" అన్నాడు. ఆ మాటకు అతణ్ణి ఎంత తిట్టుకుందో. తెలియనివాడివి మెడలో ఆ గొట్టం ఎందుకు వేసుకున్నావురా అని మనసులో శాపనార్థాలు పెట్టింది. ఏళ్ళు గడిచాక, ఎవరెవరు ఏమేం చెప్పారో ఒక్కొక్కటే తలుచుకుంటూ పోతే, ఆ రోజుల్లో తనతో అబద్ధమాడని మనిషి అతనొక్కడే. పిల్ల డాక్టరు చదువుతానన్నప్పుడు ఆమె భయపడుతూనే ఒప్పుకోవడానికి కారణం ఆ ఒక్క మాట.

ఫోను మోగింది. ఆడపడుచు. ఎత్తకపోతే పదిసార్లు చేస్తుంది.

"ఎక్కడున్నావు వదినా, ఇంట్లో లేవటగా."

"కాలేజీ దగ్గర. అన్నం ఇద్దామని."

"పోయిన వారమేగా ఇచ్చావు. ఆ పిల్లకు అక్కడ తిండి పెట్టరా ఏంటి?" గొంతు తగ్గించింది. "మా అన్నయ్య దగ్గరకు వెళ్ళావా, నిజం చెప్పు."

"ఆయన దగ్గరకేంటి. ఆయన లేడు."

"లేడని నాకూ తెలుసులే. మీరిద్దరూ కలిసి నాకో సమాధి కూడా లేకుండా చేశారు, ఒక పువ్వు పెట్టుకుందామన్నా చోటు లేదు. నువ్వు మాత్రం వారం వారం డబ్బా పట్టుకుని పోతావు. దాన్నేమంటారో మీ పుస్తకాల్లో రాశారా?"

"బిడ్డకు అన్నం అంటారు" అని పెట్టేసింది గానీ, మాట ముల్లులా దిగింది. ఆడపడుచు చదువుకోలేదు, పెద్ద నోరు, ప్రతి చావుకీ ముందు వరసలో ఉంటుంది, కానీ ఒక్కోసారి చీకట్లో రాయి విసిరినా గురి తప్పదు. నిజమే కదా. హాస్టల్లో తిండి బాగానే ఉంటుంది. రెండు బస్సులు మారి ప్రతి గురువారం ఇక్కడికే ఎందుకు వస్తోంది. పిల్లకు ఖాళీ దొరికేది మధ్యాహ్నం అయితే పొద్దున్నే వచ్చి, హాస్టలు దగ్గర నీడ, బెంచీలు ఉండగా, ఈ మెట్ల మీదే ఎందుకు కూర్చుంటోంది. కూర్చుని ఇంటి సంగతులు లోపల్లోపలే ఎవరికి చెబుతోంది. మిషను బెల్టు తెగిందనీ, మేడమీదివాళ్ళు ఖాళీ చేశారనీ. ఎప్పుడూ ఏ గుడి మెట్లూ ఎక్కనని చెప్పుకునే మనిషి, వాసనొచ్చే ఈ మెట్లను గుడి చేసుకుని కూర్చుంటే ఆయన చూస్తే ఏమనేవాడు. చూస్తే అంటోంది మళ్ళీ. చూడడు. చూసే కళ్ళు ఎవరికో ఇచ్చేశారు, ఆ రోజే.

ఇంకో అనుమానం ఉంది, దాన్ని ఆమె ఇంతవరకూ పూర్తిగా బయటకు లాగలేదు. పిల్లకు వచ్చిన మార్కులకు ఇంతకంటే మంచి కాలేజీ వచ్చేది. అక్కడ హాస్టలు బాగాలేదంది. ఎవరు చూశారు. తండ్రి ఇక్కడున్నాడనే ఇక్కడికి వచ్చిందా. సైన్సు చదువుతానని వచ్చిన పిల్ల, నాన్న లాగే దేన్నయినా రెండుసార్లు తూచే పిల్ల, నాన్న ఉన్న గోడల పక్కన పడుకోవాలని వచ్చిందా. వచ్చి, ఏ బల్ల మీద ఏ ముసుగు కింద ఉన్నాడో వెతుకుతుందా ఇప్పుడు. మొహాలు కప్పి ఉంచుతారట, పిల్లే చెప్పింది. చేతులు కప్పరట. చేతులు చాలవా. రాళ్ళు ఎత్తీ ఎత్తీ మొద్దుబారిన ఆ చేతులను, ఆ వేళ్ళ మధ్య వెంట్రుకలను, పిల్ల ఏ గుంపులో ఉన్నా పట్టేస్తుంది. పట్టేసి గట్టిగా అరుస్తుందా, అరవకుండా నిలబడి అందరితో పాటు మొదటి గీత గీస్తుందా. రెండోదే ఎక్కువ భయంగా ఉంది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. తెల్లకోటు ఒకటి నోటికి అడ్డం చెయ్యి పెట్టుకుని పరుగెత్తుకొచ్చి పూలకుండీ దగ్గర వంగింది. ఆమె లేవబోయి అన్నం డబ్బాను తన్నింది, అది రెండు మెట్లు దొర్లింది. కోటు చంకల దగ్గర బిగుసుకుని ఉంది. తను కుట్టింది కాదు. ఎవరి బిడ్డో. అటెండరు తీరిగ్గా నీళ్ళ సీసా తీసుకెళ్ళి, "మొదటిరోజు కక్కనివాళ్ళే నాకు భయం తల్లీ, నువ్వు బాగుపడతావు" అని వీపు తట్టాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. ఆమె డబ్బా ఎత్తుకుని, మూత ఊడలేదని చూసుకుని, మళ్ళీ కూర్చుంది. మా పిల్ల కక్కలేదు. ఎందుకు కక్కలేదు.

తర్వాత అందరూ ఒక్కసారే వచ్చేశారు. మాటలు లేవు, లోపలికి వెళ్ళినప్పటి నవ్వులు లేవు. గురివింద చివర వచ్చింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది, తుడుచుకోకుండానే వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, కుళ్ళనివ్వని ఆ మందుకి.

"మా బల్ల మీద ఆడమనిషి. పెద్దావిడ" అంది, అడగకుండానే. "కాలి మడమలు పగిలి ఉన్నాయి, నీ మడమల్లాగే."

తల్లికి పక్క బల్లల సంగతి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"నాన్న ఇక్కడ లేడమ్మా" అంది పిల్ల, నేల చూస్తూ. "చేరిన రోజే వెళ్ళి ఈ విభాగం మేడమ్‌ని అడిగాను. వేరే కాలేజీలో కొరతగా ఉంటే పంపేశారట. నేను చేరకముందే."

"ఏ కాలేజీ?"

"అడగలేదు."

ఈ పిల్ల అడగలేదు. పాలవాణ్ణి నీళ్ళు ఎన్ని కలిపావని అడిగే పిల్ల, ఆకాశం ఎక్కడ అయిపోతుందని తండ్రి భోజనం చల్లారేదాకా అడిగిన పిల్ల, తండ్రిని ఏ ఊరు పంపారని అడగలేదు. "మరి నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?" అంది ఆమె.

"చెబితే గురువారాలు రావేమోనని" అంది పిల్ల. "నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఇక్కడ కూర్చుని పెదాలు కదుపుతుండేదానివి. నాకు బాగుండేది."

అయితే ఇన్ని గురువారాలూ ఈ గోడల వెనక ఎవరూ లేరు. మిషను బెల్టు సంగతి ఎవరికి చెప్పినట్టు. ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ గొంతులో ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటకు రాలేదు. ఆయన రెండోసారి పోయినట్టయింది, ఈసారి ఎటు పోయాడో కూడా తెలియకుండా. వెంటనే, ఒక నిమిషం కూడా ఆగకుండా, మనసులో రెండో తలుపు తెరుచుకుంది. ఇది అబద్ధమైతే. ఆయన లోపలే ఉంటే. ఏ మూల బల్ల మీదో ఉంటే, పిల్ల ఇందాక ఆ చేతులు చూసి ఉంటే, చూసి, కడుక్కుని, కొళాయికీ ఈ మెట్టుకూ మధ్య ఈ కథ అల్లుకుని వచ్చి ఉంటే, అమ్మ తట్టుకోలేదని. అలా అల్లగలదు. తనే కన్నది, తనకు తెలియదా. చేరిన రోజే అడిగిందా, ఈరోజు అల్లిందా. మొహం చూస్తే చెప్పలేం, ఎర్రటి కళ్ళు అన్నీ దాచేస్తున్నాయి.

అటెండరు తలుపు తాళం వేసి వాళ్ళ వైపే వచ్చాడు. దించుకున్న ప్రతి మనిషీ గుర్తున్న మనిషి. ఒక్క మాట చాలు. ఫలానా ఏడు, ఫలానా నెల, తూనికల ఇన్‌స్పెక్టరు, బండిలో తెచ్చారు, ఉన్నాడా, పంపేశారా. అవునో కాదో, ఒక తల ఊపు. అతను ఆగి, ఏమైనా కావాలా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు పిల్ల చెయ్యి, ఇంకా తడిగా ఉన్న చెయ్యి, వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. పిల్ల తల్లివైపు చూడడంలేదు, అటెండరునే చూస్తోంది.

ఆమె నోరు తెరిచింది.

"మీరు భోజనం ఎన్నింటికి చేస్తారు?" అంది అటెండరుతో.

"ఇదిగో, ఇప్పుడేనమ్మా" అన్నాడతను, కొంచెం ఆశ్చర్యంగా. "మా ఆవిడ కట్టిచ్చింది."

"ఊఁ. వెళ్ళి తినండి, చల్లారిపోతుంది."

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. అతని బూట్ల చప్పుడు మలుపు తిరిగేదాకా ఇద్దరూ కదల్లేదు. మలుపు తిరిగాక పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరికి ఎన్ని అర్థాలు తీయవచ్చో ఆమెకు తెలుసు. ఒక్కటీ తీయలేదు. తన మోచేతి మీది వేళ్ళను ఒక్కొక్కటీ విడిపించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "లే, ముందు సబ్బు పెట్టి ఇంకోసారి కడుక్కురా" అంది.